చెన్నై డిసెంబరు కచేరీల్లో పాత సభలు చూడటం ఎలా?

ప్రతి ఏడాదీ నాకు తెలిసినవాళ్లు ఎవరో ఒకరు డిసెంబరులో కర్ణాటక సంగీత కచేరీల కోసం చెన్నై వెళ్లొస్తారు. అక్కడ సభ అంటే కచేరీలు పెట్టే సంఘం, దాని హాలు. మ్యూజిక్ అకాడమీ చూశాం, నారద గాన సభ చూశాం, మైలాపూర్ అంతా తిరిగాం అని ఫొటోలు చూపిస్తారు. ఎవరి కచేరీ విన్నారంటే ఒక్కోచోట అరగంట కూర్చున్నామంటారు. నాకు నిజంగా బాధేస్తుంది. బయటినుంచి చూస్తే ఈ హాళ్లలో చాలావరకు మామూలు కాంక్రీటు భవనాలే. లోపల కూర్చుని ఒక్క కచేరీ మొదటినుంచి చివరిదాకా వింటే తప్ప ఆ సభకి వెళ్లినట్టు కాదు. పదిహేనేళ్లకు పైగా వెళ్తున్నాను కాబట్టి నాకు కుదిరిన పద్ధతి చెప్తాను.

1. ఎప్పుడు వెళ్లాలి

మ్యూజిక్ అకాడమీ ఉత్సవం మామూలుగా డిసెంబరు 15న మొదలై జనవరి 1న బిరుదులిచ్చే వేడుకతో ముగుస్తుంది. మిగతా సభలు కొన్ని ముందే మొదలుపెడతాయి, కొన్ని సంక్రాంతి దాకా నడుపుతాయి. కనీసం నాలుగు రోజులు ఉండండి. క్రిస్మస్ తర్వాతి వారం వద్దు, విదేశాల నుంచి వచ్చినవాళ్లతో టికెట్లు, గదులు రెండూ కష్టమవుతాయి. అకాడమీ ఉత్సవం మొదటి వారమే మంచిది.

2. ఏం తీసుకెళ్లాలి

ఒక శాలువా, ఏసీ హాల్లో మూడు గంటలు కూర్చోవాలి కదా. చిన్న నోటు పుస్తకం, పెన్ను. అంతే. గది మైలాపూర్‌లోనో, ఆళ్వార్‌పేటలోనో, రాయపేటలోనో తీసుకోండి, చాలా సభలకి నడిచి వెళ్లొచ్చు. మెట్రో పనులు మొదలైనప్పటినుంచి ఆ చుట్టుపక్కల దారి మళ్లింపులు ఎక్కువయ్యాయి, సాయంత్రం ఆటోని నమ్ముకుంటే కచేరీ మొదట్లో పాడే వర్ణం పోయినట్టే.

3. ఏ సభలు

అన్నీ చూడాలనుకోకండి. మూడు చాలు.

మొదటిది మ్యూజిక్ అకాడమీ. 1927లో మద్రాసులో కాంగ్రెస్ మహాసభలు జరిగినప్పుడు దాంతోపాటు ఒక సంగీత సదస్సు పెట్టారు, అందులోంచే 1928లో అకాడమీ పుట్టింది. ఇప్పుడు మనం కూర్చునే పెద్ద హాలు 1962 నాటిది. 1968లో ఎం.ఎస్. సుబ్బులక్ష్మి అకాడమీ ఇచ్చే సంగీత కళానిధి బిరుదు అందుకున్నది ఇక్కడే, ఆ బిరుదు పొందిన మొదటి మహిళ ఆవిడ. సాయంత్రం కచేరీకి టికెట్ దొరక్కపోతే దిగులు పడొద్దు. పొద్దున ఎనిమిదింటికి జరిగే సోదాహరణ ప్రసంగాలకి వెళ్లండి, టికెట్ అక్కర్లేదు. ఒక రాగం గురించి ఒక విద్వాంసుడు గంటసేపు పాడి చూపిస్తుంటే అర్థమయ్యేది ఇంకెక్కడా అర్థం కాదు.

రెండోది టీ నగర్‌లో జీ.ఎన్. చెట్టి రోడ్డు మీది వాణీ మహల్, అంటే త్యాగ బ్రహ్మ గాన సభ. దాన్ని నిలబెట్టినవాళ్లలో ముఖ్యుడు మన చిత్తూరు నాగయ్య. 1946లో తెరమీద త్యాగయ్యగా కనిపించిన మనిషి, ఆ త్యాగయ్య పేరుతో ఒక సభ కూడా ఇచ్చి వెళ్లాడు. తెలుగువాళ్లు చెన్నై వెళ్లి ఇది చూడకుండా రావడం నాకు అస్సలు నచ్చదు.

మూడోది మీ ఇష్టం. పాతది కావాలంటే 1900లో తిరువల్లిక్కేణిలో (ట్రిప్లికేన్) మొదలైన పార్థసారథి స్వామి సభ ఉంది, నగరంలో ఇప్పటికీ నడుస్తున్న సభల్లో అదే పాతది. కాకపోతే పేరు చూసి నేరుగా తిరువల్లిక్కేణి వెళ్లిపోకండి, కచేరీలు వేరేచోట హాళ్లు తీసుకుని పెడతారు, ఆ ఏడాది ఎక్కడో ముందు చూసుకోండి.

టికెట్లు: చాలా సభల్లో మధ్యాహ్నం కచేరీలు ఉచితం, పాడేది ఎక్కువగా చిన్నవాళ్లు. సాయంత్రానికి మాత్రం టికెట్ ఉండాలి. నేను రోజుకి ఒకే సాయంత్రం కచేరీ పెట్టుకుంటాను, మీరూ అలాగే పెట్టుకోండి. నాలుగింటికి ఒకచోట, ఏడింటికి ఇంకోచోట అని పట్టిక వేసుకునేవాళ్లు రెండూ సగం సగమే వింటారు.

4. లోపలికి వెళ్లడం, బయటికి రావడం

అందరూ తప్పు చేసేది ఇక్కడే, అందుకే ఇది కొంచెం నిదానంగా చదవండి.

కచేరీకి పావుగంట ముందే కుర్చీలో ఉండాలి. శ్రుతి చూసుకోవడం వినాలి, తంబూరా శ్రుతి చెవిలో కుదురుకున్నాక వర్ణం మొదలైతే ఆ హాలు ఎలా పలుకుతుందో తెలుస్తుంది. ముందు వరసలు వద్దు, స్పీకర్ల పక్కన అసలే వద్దు. మధ్య వరసల్లో, వేదికకి ఎదురుగా చూస్తే కొంచెం ఎడమ పక్కన కూర్చోండి. మామూలుగా మృదంగం అటే ఉంటుంది, కుడిచేతి మూత మన వైపు తిరిగి ఉంటుంది కాబట్టి నాదం స్పష్టంగా వినిపిస్తుంది.

ఆలస్యమైతే? పాట మధ్యలో తలుపు తోసుకుని రాకండి. ఆలాపన, అంటే మాటల్లేకుండా రాగం పాడటం, నడుస్తుంటే ఇంకా రాకండి. ఆలాపనలో తాళం ఉండదు కదా, ఇంకా పాట మొదలవలేదులే అనుకుని అప్పుడే వస్తారు చాలామంది. గాయకుడు అప్పటికప్పుడు రాగాన్ని కట్టుకుంటూ పోయేది ఆ పది పదిహేను నిమిషాల్లోనే, ఎదురుగా నలుగురు చీర కుచ్చిళ్లు సర్దుకుంటూ వరసలో దూరుతుంటే ఎవరికైనా దృష్టి చెదురుతుంది. తలుపు దగ్గరే నిలబడండి, కీర్తన అయి చప్పట్లు మొదలయ్యాక ఆ చప్పట్లలో వచ్చి కూర్చోండి.

ఇక లేవడం. ఇప్పటి కచేరీ క్రమాన్ని అరియక్కుడి రామానుజ అయ్యంగార్ స్థిరపరిచారు: వర్ణం, కొన్ని చిన్న కీర్తనలు, తర్వాత పెద్దది, చివర్లో తేలిక పాటలు, ముగింపు పాటగా మంగళం. ఆ పెద్ద కీర్తనకి ఆలాపన ఉంటుంది, ఒక పంక్తినే పట్టుకుని రకరకాలుగా పాడే నెరవల్ ఉంటుంది, సరిగమలతో అప్పటికప్పుడు అల్లే కల్పనస్వరాలు ఉంటాయి. అవి అయ్యాక గాయకుడు పాడటం ఆపి చేత్తో తాళం మాత్రం వేస్తుంటాడు. అది తని ఆవర్తనం, అంటే మృదంగం, ఘటం లేదా కంజీరా వాళ్లదే వేదిక. సరిగ్గా అప్పుడు హాల్లో సగం మంది లేచి క్యాంటీన్‌కి వెళ్లిపోతారు!

దయచేసి మీరు వెళ్లకండి. పాట ఆగింది కాబట్టి అది విరామం అనుకుంటారు, కాదు. రెండు గంటలు గాయకుడి వెనకాల నడిచిన మనిషికి దక్కిన కాసేపు అది. 1966లో పాల్ఘాట్ మణి అయ్యర్‌కి సంగీత కళానిధి ఇచ్చారు, మృదంగ విద్వాంసుల్లో మొదట ఆయనకే. అలాంటి చరిత్ర ఉన్న హాల్లో మృదంగానికి వీపు చూపించి నడవడం నేను తట్టుకోలేను. అర్థం కాదంటారా, సులువైన పని ఒకటి చెప్తాను. గాయకుడి చెయ్యి చూస్తూ మీరూ తాళం వేయండి. ఆది తాళమైతే ఒక దెబ్బ, మూడు వేళ్ల లెక్క, తర్వాత దెబ్బ, తిప్పు, దెబ్బ, తిప్పు, మొత్తం ఎనిమిది. మృదంగం ఎక్కడెక్కడికో వెళ్లి చివరికి తీర్మానం అనే ముగింపు వరస మూడుసార్లు వాయించి మీ చేతి లెక్కకి వచ్చి కలిసినప్పుడు ఒళ్లు జలదరిస్తుంది. మొదటి మూడేళ్లు నేనూ లేచి వెళ్లాను, ఒకసారి పక్క కుర్చీలో పెద్దాయన "కూర్చోమ్మా, ఇప్పుడే అసలు విషయం" అన్నాడు. ఆ రోజు విన్న తని ఇప్పటికీ గుర్తుంది.

వెళ్లక తప్పకపోతే తని అయి, గాయకుడు మళ్లీ పల్లవి అందుకుని ముగించాక, చప్పట్లలో లేవండి. మంగళం మొదలయ్యాక మాత్రం కదలకూడదు. చాలాసార్లు అది సౌరాష్ట్ర రాగంలో త్యాగరాజస్వామి పాటే అయి ఉంటుంది. వేదిక మీద తమిళులు, కుర్చీల్లో తమిళులు, పాట తెలుగు. ఆ రెండు నిమిషాలు చెప్పులు వెతుక్కుంటూ పోగొట్టుకోకండి.

క్యాంటీన్ ఎక్కడికీ పోదు. కచేరీ టికెట్ లేకపోయినా తినొచ్చు, ముందే తినేసి రండి.

5. పొద్దున్నపూట ఏం చూడాలి

ఎగ్మూరులో ప్రభుత్వ మ్యూజియం ఆవరణలో 1896 నాటి మ్యూజియం థియేటర్ ఉంది, శుక్రవారం మ్యూజియానికి సెలవు. జార్జ్ టౌన్‌లో అర్మేనియన్ వీధిలో అనీ బిసెంట్ కట్టించిన గోఖలే హాలు ఉంది, ఒకప్పుడు సభలకి, కచేరీలకి పెద్ద పేరు. తర్వాత పాడైంది, బయటినుంచి చూసి వచ్చేయండి.

ఒక్క పొద్దున మాత్రం తిరువొత్తియూరుకి ఇవ్వండి. త్యాగరాజస్వామి మద్రాసు వచ్చినప్పుడు అక్కడి త్రిపురసుందరి అమ్మవారి మీద అయిదు కీర్తనలు చేశారు. మెట్రో నీలం లైనులో తిరువొత్తియూరు తేరడి స్టేషన్‌లో దిగితే గుడి దగ్గరే. మధ్యాహ్నం గుడి మూసేస్తారు, అందుకని తొమ్మిదిలోపే వెళ్లి, ఆ అయిదింటిలో ఒక్కటైనా ముందు రోజు రాత్రి విని వెళ్లండి. పదకొండుకి తిరుగు మెట్రో ఎక్కితే భోజనం చేసి కాసేపు పడుకుని సాయంత్రం కచేరీకి తీరిగ్గా తయారవ్వొచ్చు.