పాతబడిన కాలనీని మళ్లీ నిలబెట్టాలంటే ప్లాన్ ఎలా వేయాలి

ఇళ్లు పాతబడి, రోడ్లు గుంతలు పడి, డ్రైనేజీ పొంగుతూ, కాస్త స్తోమత ఉన్నవాళ్లంతా ఒక్కొక్కరే వేరే చోటికి వెళ్లిపోతున్న కాలనీని బాగుచేయడానికి ప్లాన్ ఎలా వేయాలో ఇక్కడ రాస్తున్నాను. కాలనీ సంఘాల్లో ఉన్నవాళ్లకూ, వార్డు స్థాయిలో పనిచేసేవాళ్లకూ, ఈ రంగంలోకి కొత్తగా వచ్చిన ఆర్కిటెక్టులకూ పనికొస్తుందనుకుంటున్నాను.

అన్నిటికంటే ముందు ప్లాన్ మొదటి పేజీలో ఒక్క వాక్యం రాసిపెట్టుకోండి: ఇవాళ ఇక్కడ ఉంటున్నవాళ్లు, అద్దెకున్నవాళ్లతో సహా, పనులన్నీ అయిపోయిన పదేళ్లకు కూడా ఇక్కడే ఉండగలగాలి. ఆ తర్వాత తీసుకునే ప్రతి నిర్ణయాన్నీ దీనితో సరిచూసుకోండి. ఈ మాట తేల్చుకోకుండా వీధిని బాగుచేస్తే, ఏళ్ల తరబడి ఆ గుంతల్లో నడిచినవాళ్లు కొత్త ఫుట్‌పాత్ పడేసరికి పెరిగిన అద్దె కట్టలేక సామాను సర్దుకుంటారు. ఇంతకంటే అన్యాయం ఇంకొకటి ఉండదు.

ముందు నడవండి, కొలవండి

కాలనీ మొత్తం కాలినడకన తిరగాలి, అదీ వేర్వేరు వేళల్లో. పొద్దున స్కూలు టైమ్‌లో ఒకసారి, చీకటి పడ్డాక ఒకసారి, వాన జోరుగా పడుతున్నప్పుడు తప్పకుండా ఒకసారి. నీళ్లు ఏ మూల ఆగుతున్నాయో, ఎటు పారుతున్నాయో, ఎవరింట్లోకి వస్తున్నాయో ఆ ఒక్క గంటలో తెలిసినంతగా ఏ సర్వే రిపోర్టులోనూ తెలియదు. ఫోన్లో ఫొటో తీసి, ఇంటి నంబరుతో సహా మ్యాపు మీద గుర్తుపెట్టుకోండి. చీకట్లో తిరిగేటప్పుడు వెలగని స్ట్రీట్‌లైట్లతో పాటు, వెలుగుతున్నా చెట్టుకొమ్మ అడ్డం వచ్చి కిందికి వెలుతురు పడనివి కూడా రాసుకోండి. వాటికి కొత్త స్తంభం అక్కర్లేదు, కొమ్మ కొట్టిస్తే చాలు.

తర్వాత ఒక టేపు తీసుకుని ప్రతి ఇంటి గడపకూ రోడ్డుకూ మధ్య ఎత్తు తేడా కొలవండి. చిన్న పనిలా కనిపిస్తుంది కానీ చాలా చెబుతుంది. పాత రోడ్డును గీకకుండా దాని మీదే పొర మీద పొర తారు వేసుకుంటూ పోతే, వేసిన ప్రతిసారీ రోడ్డు కొన్ని సెంటీమీటర్లు పైకి లేస్తుంది. అలా కొన్నేళ్లు గడిచేసరికి ఒకప్పుడు రెండు మెట్లెక్కి వెళ్లిన ఇంట్లోకి ఇప్పుడు మెట్టు దిగి వెళ్లాల్సి వస్తుంది, వాన నీళ్లు లోపలికి రాకుండా ఇంటివాళ్లు గుమ్మానికి అడ్డంగా రెండు వరసలు ఇటుకలు పేర్చి సిమెంటు పూస్తారు, ఇంట్లో ముసలివాళ్లు రోజూ ఆ ఇటుకలు దాటలేక లోపలే ఉండిపోతారు. ఇలాంటి గుమ్మాలు వరసగా కనిపించాయంటే ఆ వీధిలో మొదటి పని ఏమిటో తేలిపోయినట్టే: పాత పొరలు గీకేసి రోడ్డు మట్టం దించాలి. పైన టైల్స్, పూలకుండీలు ఆ తర్వాతే.

మ్యాన్‌హోల్ మూతలు కూడా లెక్కపెట్టండి. పాత డ్రాయింగులో ఉండి నేల మీద కనిపించనివి చాలావరకు తారు కిందో సిమెంటు కిందో పూడుకుపోయి ఉంటాయి.

ట్రాఫిక్‌ను కూడా వదలొద్దు. శాన్‌ఫ్రాన్సిస్కోలో డొనాల్డ్ యాపిల్‌యార్డ్ అనే పరిశోధకుడు దాదాపు ఒకేలాంటి మూడు వీధులు తీసుకుని, ఎవరికి ఇరుగుపొరుగులో ఎంతమంది స్నేహితులున్నారో అడిగాడు. వాహనాలు తక్కువగా తిరిగే వీధిలో ఒక్కొక్కరికి సగటున ముగ్గురు ఉంటే, బాగా రద్దీగా ఉన్న వీధిలో ఒక్కరు కూడా సరిగ్గా తేలలేదు. కాబట్టి మెయిన్‌రోడ్డు సిగ్నల్ తప్పించుకోవడానికి మీ సందుల్లోంచి దూసుకెళ్లే బళ్లు ఎన్నో, ఏ వేళల్లోనో లెక్కపెట్టి పెట్టుకోండి. ఒక చివర దారి మూసేయడం, వన్‌వే చేయడం, మలుపుల దగ్గర రోడ్డు సన్నం చేయడం లాంటివి తక్కువ ఖర్చుతో అయిపోతాయి. పైగా ముందు సిమెంటు దిమ్మెలు పెట్టి కొన్ని వారాలు చూసి, బాగుంటేనే శాశ్వతం చేయొచ్చు.

ఇక మిగిలింది ఆస్తుల లెక్క: ఖాళీ స్థలాలు, తాళం వేసి వదిలేసిన ఇళ్లు, కోర్టు కేసులో ఉన్నవి. ఎవరి పేరు మీద ఉన్నాయి, పన్ను బకాయి ఉందా అన్నది మున్సిపల్ రికార్డుల్లోనూ రిజిస్ట్రేషన్ రికార్డుల్లోనూ చూసి ఒక పట్టికలో ఎక్కించండి. విసుగొచ్చే పనే, కానీ ఇది లేకుండా పార్కు ఎక్కడో గీయడం వృథా.

ఎవరి మాట వింటున్నారు?

సాయంత్రం ఒక మీటింగ్ పెట్టి, వచ్చినవాళ్ల సంతకాలు తీసుకుని, ప్రజలను సంప్రదించాం అని రిపోర్టులో రాసేయడం చాలాచోట్ల జరుగుతోంది. అలాంటి మీటింగులో ముందు వరసలో కూర్చున్న ఇంటి ఓనర్లే మాట్లాడతారు, పార్కింగ్ గురించే మాట్లాడతారు. అద్దెకున్నవాళ్లు ఓనరు ముందు నోరు విప్పరు. అందుకే వాళ్లతో విడిగా కూర్చోండి. ఆడవాళ్లతో విడిగా, రాత్రి డ్యూటీలకు వెళ్లేవాళ్లతో వాళ్లకు కుదిరిన వేళలో మాట్లాడండి. పిల్లల చేతికి మ్యాపు ఇచ్చి ఎక్కడ ఆడుకుంటారో, ఎటు వెళ్లాలంటే భయమేస్తుందో గుర్తుపెట్టమనండి. "మీకేం కావాలి" అని అడిగితే అందరూ పార్కు అంటారు. "నిన్న ఇంట్లోంచి బయటికొచ్చి ఎక్కడెక్కడికి వెళ్లారు, దారిలో ఎక్కడ ఇబ్బంది పడ్డారు" అని అడగండి. అసలు విషయం అప్పుడు బయటికొస్తుంది.

వినడంతో ఆగకుండా నిర్ణయాల్లో కూడా వాళ్లకు సీటు ఉండాలి. అమెరికాలో బోస్టన్ నగరంలో డడ్లీ స్ట్రీట్ ప్రాంతం ఒకప్పుడు తగలబడిన ఇళ్లతో, చెత్త పోసే ఖాళీ స్థలాలతో నిండిపోయి ఉండేది. 1980ల మధ్యలో దాన్ని బాగుచేయడానికి వేసిన కమిటీలో అక్కడుండేవాళ్లకు కొన్ని సీట్లే ఇస్తామంటే జనం ఒప్పుకోలేదు, బోర్డులో మెజారిటీ మాదే ఉండాలని పట్టుబట్టి సాధించుకున్నారు. 1988లో ఆ సంస్థకే, నిర్ణీత ప్రాంతంలోని ఖాళీ స్థలాలను సేకరించే అధికారం నగరం ఇచ్చింది. ఆ భూమి ఒక ట్రస్టు చేతిలో ఉంటుంది, దాని మీద కట్టిన ఇళ్లను మళ్లీ అమ్మేటప్పుడు ధరకు పరిమితి ఉంటుంది. ఆస్తుల లెక్క ముందే తీసుకోమన్నది అందుకే. ఎవరూ పట్టించుకోని ఖాళీ స్థలమే, చేతికొస్తే, కాలనీకి ఉన్న అతి పెద్ద బలం.

కూల్చే ముందు ఆగండి

అంతా పడగొట్టి కొత్తగా కడదాం అనే మాట వినడానికి బాగానే ఉంటుంది. నేను మాత్రం దాన్ని చివరి దారిగానే చూస్తాను. 1914లో భారతదేశం వచ్చి ఎన్నో పట్టణాలకు ప్లానింగ్ రిపోర్టులు రాసిన పాట్రిక్ గెడ్డెస్ కూడా, ఇరుకు వాడల మధ్యలోంచి వెడల్పు రోడ్డు కొట్టేయడాన్ని గట్టిగా వ్యతిరేకించాడు. బాగా శిథిలమైన కొన్ని ఇళ్లు మాత్రమే తీసి, ఆ ఖాళీలను చిన్న చిన్న ఆవరణలుగా మార్చి, చెట్లు నాటి, మిగతా వాడను ఉన్నచోటే బాగుచేయమన్నాడు. అలా అయితే ఖర్చు తగ్గుతుంది, ఇల్లు పోగొట్టుకునేవాళ్ల సంఖ్య కూడా తగ్గుతుంది.

అపార్ట్‌మెంట్లకైనా ఇదే పద్ధతి నడుస్తుంది. ఫ్రాన్స్‌లో బోర్డో నగరంలో 1960ల నాటి మూడు పెద్ద బ్లాకుల్లో ఉన్న 530 ఫ్లాట్లను లకాటన్, వస్సాల్ అనే ఆర్కిటెక్టులు కూల్చకుండా, బయటివైపు కొత్త ఫ్రేము నిలబెట్టి ప్రతి ఫ్లాటుకూ అద్దాలతో మూసిన వెడల్పాటి వరండా కలిపారు. పని నడుస్తున్నంత కాలం కుటుంబాలు ఆ ఫ్లాట్లలోనే ఉన్నాయి. మీ దగ్గర ప్రతి బిల్డింగుకూ స్ట్రక్చరల్ ఇంజనీరుతో పరీక్ష చేయించి మూడు రకాలుగా విడదీయండి: చిన్న రిపేరుతో సరిపోయేవి, పునాదుల్నో స్తంభాల్నో గట్టిపరచాల్సినవి, మనుషులు ఉండకూడనివి. మూడో రకంలో ఉన్నవాళ్లకు అదే కాలనీలో ఇల్లు సిద్ధమయ్యాకే పాతది ఖాళీ చేయించాలి. ఈ షరతు రాతపూర్వకంగా ఉండాలి, నోటిమాట చాలదు.

పనులు ఏ వరసలో చేయాలి

నేల కింద పనులన్నీ అయ్యాకే నేల మీద పని. డ్రైనేజీ అన్నిటికంటే లోతులో పోతుంది కాబట్టి అది ముందు, తర్వాత వాన నీటి కాలువలు, మంచినీటి లైను, ఆపైన కరెంటు, ఫోను కేబుళ్లు. మంచినీటి పైపు మురుగు పైపుకు దూరంగా, దానికంటే పైన ఉండాలి. రోడ్డు వేసేముందు అడ్డంగా కొన్ని ఖాళీ పైపులు పెట్టించండి, రేపు ఎవరైనా కొత్త కేబులు వేయాలంటే రోడ్డు తవ్వకుండా వాటిలోంచి లాగుతారు. చెట్లు నాటే చోట సిమెంటు మొదలు దాకా పోయకుండా కనీసం చదరపు మీటరు మట్టి వదిలిపెట్టండి.

డబ్బు చాలకపోతే ఎవరి వాటా ఏమిటో విడగొట్టుకోవచ్చు. కరాచీలోని ఒరంగీలో 1980లో అఖ్తర్ హమీద్ ఖాన్ మొదలుపెట్టిన పైలట్ ప్రాజెక్టు చేసింది ఇదే. ఇంట్లో మరుగుదొడ్డి, సందులో మురుగు పైపు ఆ సందువాళ్లే డబ్బులేసుకుని వేసుకున్నారు, ప్రాజెక్టువాళ్లు లెవెల్స్ చూసి, ఎస్టిమేట్ వేసి, పని నేర్పారు. పెద్ద కాలువలు, శుద్ధి ప్లాంట్లు ప్రభుత్వ బాధ్యత. సందు అంటే ఇరవై ముప్ఫై ఇళ్లు, అందరూ ఒకరికొకరు తెలిసినవాళ్లే, లెక్కలు అందరి కళ్లముందే ఉంటాయి కాబట్టి అది నడిచింది. అయితే పేదల కాలనీల్లో అన్ని ఖర్చులూ జనం మీద తోసేయడానికి దీన్ని సాకుగా వాడుకోవద్దు. పెద్ద లైను వేయాల్సినవాళ్లు వేయకపోతే సందులో పైపు ఎంత బాగా వేసినా మురుగు వెనక్కే తంతుంది.

ఇంకో విషయం, పెద్ద పనులకు టెండర్లు అయ్యేసరికి చాలాకాలం పడుతుంది, ఈలోగా జనానికి నమ్మకం పోతుంది. కాబట్టి మొదటి రెండు మూడు నెలల్లోనే కంటికి కనిపించే చిన్న పనులు కొన్ని పూర్తిచేయండి. లైట్లు, విరిగిన కాలువ మూతలు, స్కూలు ముందు రోడ్డు దాటే చోటు. తర్వాత తవ్వబోయే చోట మాత్రం ఇప్పుడు ఏమీ కట్టొద్దు.

అద్దెల మాట ఇప్పుడే తేల్చుకోండి

పని మొదలయ్యాక ఓనర్లతో బేరం కుదరదు, చేతిలో పట్టు ఉండేది సాయం ఇవ్వకముందే. వియన్నాలో పాత బిల్డింగుల రిపేరుకు నగరం సాయం చేస్తుంది, బదులుగా 15 ఏళ్ల పాటు అద్దె పరిమితిలో ఉండాలి, ఉన్నవాళ్లను ఖాళీ చేయించకుండానే పని జరగాలి. మీ దగ్గర చట్టం వేరుగా ఉండొచ్చు, కానీ సబ్సిడీ ఇచ్చినా, పన్ను తగ్గించినా, అదనపు అంతస్తుకు అనుమతి ఇచ్చినా దానికి బదులు అద్దె ఒప్పందం రాయించుకోవచ్చు. పని మొదలుకాకముందే ప్రతి ఇంటి అద్దె ఎంతో రాసి పెట్టుకోండి, లేకపోతే తర్వాత పెరిగిందో లేదో చెప్పడానికి ఆధారం ఉండదు.

మెయింటెనెన్స్ లేని ప్లాన్ ప్లానే కాదు

అమెరికాలో సెయింట్ లూయిస్‌లో 1950ల మధ్యలో 33 బిల్డింగులతో ప్రూయిట్-ఐగో అనే పెద్ద హౌసింగ్ కట్టారు, ఒక్కొక్కటి 11 అంతస్తులు. నిర్వహణ ఖర్చు అద్దెల్లోంచే రావాలి. నగరంలో జనాభా తగ్గుతూ ఫ్లాట్లు ఖాళీ అయ్యేకొద్దీ అద్దెల రాబడి తగ్గింది, రాబడి తగ్గేకొద్దీ రిపేర్లు ఆగాయి, రిపేర్లు ఆగేకొద్దీ ఇంకొంతమంది వెళ్లిపోయారు. 1972లో కూల్చడం మొదలుపెట్టి, కొన్నేళ్లలో ఏమీ మిగలకుండా తీసేశారు.

అందుకని ప్లాన్లో కట్టే ప్రతి వస్తువు పక్కనా మూడు గడులు గీయండి: ఎవరు చూసుకుంటారు, ఏడాదికి ఎంత ఖర్చు, ఆ డబ్బు ఎక్కడినుంచి వస్తుంది. మూడూ నిండని వస్తువును ప్లాన్లోంచి తీసేయండి, అది ఎంత అందమైన ఫౌంటెన్ అయినా సరే. చెట్లకు మొదటి రెండు మూడు ఎండాకాలాలు నీళ్లు పోసేదెవరో కూడా ఇందులోనే రాయాలి.

పని పూర్తయ్యాక కాంట్రాక్టరుకు చివరి బిల్లు ఇచ్చేముందు, పైపులు కేబుళ్లు నిజంగా ఎక్కడ, ఎంత లోతులో వేశారో చూపించే డ్రాయింగులు తీసుకోండి. పూడ్చకముందు తీసిన ఫొటోలు కూడా కావాలి. ఒక కాపీ మున్సిపల్ ఆఫీసులో, ఒకటి కాలనీ సంఘం దగ్గర ఉండాలి. మొదట్లో తీసుకున్న కొలతలు, అంటే గడపల ఎత్తు, అద్దెలు, బళ్ల లెక్క, ఏడాదికోసారి మళ్లీ తీసి పాతవాటి పక్కనే రాయండి, వాటిని కాలనీలో అందరికీ కనిపించేచోట అంటించండి.