చిన్న బోర్డులో కార్డు రీడర్ - పాఠం 4: ముందు యాంటెన్నాకు చోటు

గత పాఠంలో కార్డులు చదివే ఆర్‌సీ522 చిప్‌కి 3.3 వోల్టులు ఇచ్చి, ఎస్‌పీఐ (చిప్‌ల మధ్య డేటా పంపే పద్ధతి) లైన్లతో కంట్రోలర్‌కి కలిపాం. అసలు తలనొప్పి ఈరోజే మొదలు.

మన రీడర్ పని తెలిసిందే. గుంటూరు కోల్డ్ స్టోరేజీలో మిర్చి టిక్కీల లాటుకు కట్టిన కార్డును గుమాస్తా చదవాలి. రెండు సెంటీమీటర్ల దూరం అందితే చాలు. బోర్డు సైజు 60 × 40 మిల్లీమీటర్లు.

చాలామంది చిప్పు, డిస్‌ప్లే, కనెక్టర్లు అన్నీ సర్దేసి, మిగిలిన మూలలో యాంటెన్నాని ఇరికిస్తారు. అలా వద్దు. బోర్డు ఒక కొసన 35 మిల్లీమీటర్ల చదరం ముందే గీసేయండి. మిగతా సామాను పక్కన సర్దుకోవాల్సిందే. సర్దుకోకపోతే బోర్డు పెంచండి, చదరాన్ని మాత్రం కోయకండి.

అందులో యాంటెన్నాగా రాగి గీతతో (ట్రేస్) 4 చుట్లు వేయండి. ట్రేస్ వెడల్పు 0.5 మిల్లీమీటర్లు, చుట్ల మధ్య ఖాళీ కూడా అంతే. ఇండక్టెన్స్ (చుట్లు అయస్కాంత శక్తిని నిలుపుకునే గుణం) సుమారు 1.1 మైక్రోహెన్రీ వస్తుంది.

ఇక ముఖ్యమైన సంగతి. ఆ చదరంలో ఏ లేయర్‌లోనూ గ్రౌండ్ రాగి ఉండకూడదు. లోపలి కొసను బయటికి తెచ్చే సన్నటి ట్రేస్ ఒక్కటే మినహాయింపు. రీడర్ పుట్టించే 13.56 మెగాహెర్ట్జ్ అయస్కాంత క్షేత్రం రాగి రేకు మీద పడితే అందులో ఎడ్డీ కరెంట్లు (సుడి ప్రవాహాలు) పుట్టి, ఎదురు క్షేత్రాన్ని తయారు చేస్తాయి. ఇండక్టెన్స్ పడిపోతుంది, ట్యూనింగ్ (యాంటెన్నా బాగా స్పందించే ఫ్రీక్వెన్సీ) పైకి జరుగుతుంది, కార్డు ఆనించినా పలకదు. బోర్డు గీసే సాఫ్ట్‌వేర్ ఖాళీ కనపడితే చాలు గ్రౌండ్ నింపేస్తుంది, డీఆర్‌సీలో (డిజైన్ నియమాల తనిఖీలో) ఒక్క ఎర్రర్ కూడా చూపదు. అందుకే అన్ని లేయర్లకూ కీపౌట్ (రాగి పోయకూడని హద్దు) గీయాలి. యాంటెన్నా చుట్టూ గ్రౌండ్ రింగు వేస్తే అది పూర్తిగా మూసుకోకుండా ఒకచోట తెంపండి, లేకపోతే అదే షార్ట్ అయిన చుట్టులా పనిచేస్తుంది.

బ్యాటరీ కూడా లోహమే. చోటు కలిసొస్తుందని దాన్ని యాంటెన్నా వెనక అంటించాలనిపిస్తుంది. తప్పదనుకుంటే మధ్యలో ఫెర్రైట్ షీట్ (అయస్కాంత క్షేత్రాన్ని లోహం మీద పడకుండా మళ్లించే పలచటి రేకు) పెట్టండి. ఫెర్రైట్ ఇండక్టెన్స్‌ని పెంచుతుంది కాబట్టి, ట్యూనింగ్ అది అంటించాకే చేయాలి.

ఇప్పుడు అభ్యాసం. చిప్పు పెట్టకుండా, యాంటెన్నా రెండు కొసల మధ్య 120 పికోఫారడ్ల కెపాసిటర్ ఒక్కటి సోల్డర్ చేయండి. సీ0జీ అనే సిరామిక్ రకమే వాడండి. కోల్డ్ స్టోరేజీ లోపల చలికీ బయట గుంటూరు ఎండకీ దాని విలువ దాదాపు మారదు. నానో వీఎన్‌ఏకి (ఫ్రీక్వెన్సీ వారీగా స్పందనను గ్రాఫ్‌గా చూపే చిన్న మీటర్) చిన్న తీగ చుట్టు తగిలించి యాంటెన్నాకి కాస్త ఎడంగా పట్టుకుంటే, గ్రాఫ్‌లో 13.6 మెగాహెర్ట్జ్ దగ్గర గుంట కనిపించాలి. వెనక బ్యాటరీ పెట్టి చూడండి, గుంట కుడివైపు జరుగుతుంది. మధ్యలో ఫెర్రైట్ దూర్చండి, వెనక్కి వస్తుంది.

చివరికి ఏ అమరికలో వాడతారో, ఆ అమరికలో గుంట ఎక్కడుందో రాసి ఉంచుకోండి. పాఠం 5లో మ్యాచింగ్ కెపాసిటర్ల (చిప్పుకీ యాంటెన్నాకీ పొత్తు కుదిర్చేవి) లెక్క ఆ అంకెతోనే మొదలు.