పాత పికప్ వ్యాన్ కొనవచ్చా? ముందు ఛాసిస్, తర్వాత కాగితాలు, ఆఖరున ఇంజిన్

పదేళ్లు దాటిన పికప్ వ్యాన్‌ను నమ్మవచ్చా అన్న ప్రశ్నకు దాని వయసు ఒక్కటే సమాధానం చెప్పదు. ఆ పదేళ్లలో అది ఏ సరుకు మోసింది, ఏ దారుల్లో తిరిగింది అన్నవి అంతకంటే ఎక్కువ చెబుతాయి. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో అమ్మకానికి వచ్చే టాటా ఏస్‌లు, బొలెరో పికప్‌లు, అశోక్ లేలాండ్ దోస్త్‌లు కొత్త రంగు వేసుకుని నిలబడితే అన్నీ ఒకేలా కనిపిస్తాయి. కానీ వాటిలో ఒకటి పలాస జీడిపప్పు మోసి ఉంటుంది, మరొకటి తీరం నుంచి చేపలు తెచ్చి ఉంటుంది, ఇంకొకటి నాగావళి ఇసుక తోలి ఉంటుంది. జీడిపప్పు మోసిన పన్నెండేళ్ల బండి, చేపలు మోసిన ఆరేళ్ల బండి ఒకే ధరకు వస్తే మొదటిదాన్నే ఎంచుకోవాలని నా అభిప్రాయం.

దీనికి కారణం సులువైనదే. ఇంజిన్ అరిగితే బోరు చేయించి, పిస్టన్లు, రింగులు మార్పించి మళ్లీ నడపవచ్చు. గేరుబాక్సు పాడైతే పనికొచ్చేది మరొకటి వెతికి బిగించవచ్చు. కుళ్లిన ఛాసిస్‌కు, అంటే బండి అడుగు చట్రానికి, చిక్కుపడిన కాగితాలకు మాత్రం ఏ షెడ్డులోనూ మందు లేదు. అయినా చాలామంది ముందుగా ఇంజిన్ స్టార్ట్ చేసి శబ్దం విని, నచ్చితే బయానా ఇచ్చి, కాగితాల సంగతి ఆ తర్వాత అడుగుతారు. ఈ వరుసను పూర్తిగా తిరగేయాలి.

చేపల బండిలో ఐసు కరిగిన నీరు, ఉప్పు కలిసి రోజూ డాలా (సరుకు వేసే వెనక తొట్టి) అంచుల నుంచి కారి, వెనక భాగంలో ఛాసిస్ మడతల్లోకి చేరుతుంది. పైన ఎంత కడిగినా ఆ మడతల్లో తేమ ఆరదు. భావనపాడు, కళింగపట్నం, చింతపల్లి వంటి తీర గ్రామాల దగ్గర తిరిగిన బండికి ఉప్పుగాలి తోడవుతుంది కాబట్టి తుప్పు ఇంకా త్వరగా పడుతుంది. అలమండ వంటి పశువుల సంతలకు తిరిగిన బండికి మూత్రం వల్ల డాలా అడుగును ఇదే విధంగా తుప్పు తినేసి ఉంటుంది. తడి ఇసుకకు, టెక్కలి వైపు గ్రానైట్ రాయికి వేరే సమస్య ఉంది. డాలా సగం కూడా నిండకుండానే బండి మోయగల బరువు దాటిపోతుంది. 2005లో వచ్చిన తొలి టాటా ఏస్ రెండు సిలిండర్ల ఇంజిన్‌తో ముప్పావు టన్ను మోయడానికి తయారైనది. దానిపై అంతకు రెట్టింపు వేసి ఏళ్ల తరబడి నడిపితే ఏమవుతుందో దాని కమాను కట్టలే (బరువు మోసే స్ప్రింగు పట్టీల దొంతరలే) చెబుతాయి.

అందుకే బండిని పగటి వెలుగులో, వీలైతే సర్వీసింగ్ ర్యాంపు మీద చూడాలి. చేతిలో చిన్న సుత్తి, స్క్రూడ్రైవరు, టార్చిలైటు ఉంటే చాలు. ఛాసిస్‌ను సుత్తితో మెల్లగా తడుతూ వెనక నుంచి ముందుకు రావాలి. గట్టి ఇనుము కంగుమని మోగుతుంది, లోపల తుప్పు తిన్న ఇనుము మొద్దుగా పలుకుతుంది. అలా పలికిన చోట స్క్రూడ్రైవరుతో గుచ్చితే పొరలు రాలడమో, కన్నం పడటమో జరిగితే ఆ బండిని అక్కడే వదిలేయాలి. కమాను కట్టలు వేలాడే బ్రాకెట్ల చుట్టూ, క్యాబిన్ వెనక డాలా మొదలయ్యే చోట సన్నని పగుళ్లు ఉన్నాయేమో చూడాలి. వంగే ఒత్తిడి ఎక్కువగా పడేది అక్కడే. ఛాసిస్ మొత్తం దుమ్ముపట్టి ఉండి ఒక చోట మాత్రమే నల్లరంగు నిగనిగలాడుతుంటే, ఆ రంగు కింద వెల్డింగు ఉందనే అనుకోవాలి. కమాను పట్టీలను రెండు వైపులా లెక్కపెట్టి, కంపెనీ ఇచ్చిన వాటికంటే ఎక్కువ ఉంటే అది అధిక బరువు మోసిన బండి అని గుర్తించాలి. యజమాని దాన్ని బలానికి గుర్తుగా చెప్పుకోవచ్చు గానీ, కొనేవారికి అది హెచ్చరిక.

ముందు చక్రం మధ్య నుంచి వెనక చక్రం మధ్య వరకు ఉన్న దూరాన్ని రెండు వైపులా టేపుతో కొలవడం చాలామంది చేయని పరీక్ష. స్టీరింగు నేరుగా ఉంచి కొలిచినప్పుడు తేడా స్పష్టంగా వస్తే, ఇరుసు జరిగిందనో, బండి ఎప్పుడో గుద్దుకుని ఛాసిస్ వంగిందనో అర్థం. టైరు ఒక అంచున మాత్రమే అరగడం కూడా ఇదే అనుమానాన్ని కలిగిస్తుంది. టైరు పక్కన నాలుగు అంకెల్లో తయారీ వారం, సంవత్సరం ఉంటాయి. ఉదాహరణకు 2319 అంటే 2019లో 23వ వారం. ఆరేడేళ్లు దాటిన టైర్లకు గాట్లు లోతుగానే ఉన్నా, వాటిని మార్చాల్సిన ఖర్చు కిందే లెక్కవేసుకోవాలి.

వరద నీటిలో మునిగిన బండిని గుర్తించడం మన ప్రాంతంలో మరీ అవసరం. 2014 అక్టోబరులో హుద్‌హుద్, 2018 అక్టోబరులో తిత్లీ తుపానులు ఈ తీరాన్ని దాటాయి. ఆ కాలంలో మునిగిన బండ్లు ఇప్పటికీ చేతులు మారుతూ ఉండవచ్చు. సీటు బెల్టును చివరిదాకా లాగితే లోపలి భాగంలో ఒండ్రు మరక కనిపిస్తుంది. సీటు కింది బోల్టులు, డ్యాష్‌బోర్డు వెనక వైర్ల జాయింట్లు, ఫ్యూజు బాక్సు చూడాలి. మట్టి ఆనవాళ్లు, పచ్చగా చిలుం పట్టిన రాగి తీగలు కనిపిస్తే ఆ బండికి కరెంటు జబ్బులు జీవితాంతం ఉంటాయి.

ఛాసిస్ నచ్చిన తర్వాత కాగితాలు. ఛాసిస్ మీద చెక్కిన నంబరు, ఇంజిన్ నంబరు మీ కళ్లతో చదివి ఆర్సీతో అక్షరం అక్షరం పోల్చాలి. ఆ చెక్కడం చుట్టూ గీకిన జాడ ఉంటే ఇక బేరం అవసరం లేదు. ఎంపరివాహన్ యాప్‌లో బండి నంబరు వేసి ఫిట్‌నెస్, బీమా గడువులు, ఫైనాన్స్ తాకట్టు ఉందా లేదా అన్నది చూడవచ్చు. ఫైనాన్స్ తీరిపోయిందని నోటిమాటగా చెబితే సరిపోదు. ఆ సంస్థ ఇచ్చిన నిరభ్యంతర పత్రంతో పాటు ఫారం 35 ఉంటేనే ఆర్సీ మీద ఉన్న తాకట్టు తొలగుతుంది. పెండింగు చలానాలు, ఇసుక రవాణా కేసులు, రేషన్ బియ్యం కేసులు కూడా తెలుసుకోవాలి. ఒకసారి కేసులో పట్టుబడి విడుదలైన బండి కోర్టు ఎదుట హాజరుపరచాల్సిన షరతుతో ఉండవచ్చు.

ఏపీ 30 శ్రీకాకుళానిది, ఏపీ 35 విజయనగరానిది. 2019 నుంచి రాష్ట్రమంతటా ఏపీ 39 వచ్చింది కాబట్టి, కొత్త నంబర్ల బండి ఏ జిల్లాలో తిరిగిందో ప్లేటు చూసి చెప్పలేం. ఇచ్ఛాపురం, పర్లాకిమిడి వైపు నుంచి వచ్చే ఒడిశా బండ్లు ధర తక్కువగా కనిపిస్తాయి. అయితే ఫారం 28 మీద ఒడిశా రవాణా అధికారి ఇచ్చే నిరభ్యంతర పత్రం, ఇక్కడ కట్టాల్సిన పన్ను, తిరిగి రిజిస్ట్రేషన్ కలుపుకుంటే ఆ తేడా చాలా వరకు కరిగిపోతుంది. పత్రం అమ్మేవారి చేతిలో లేకుండా డబ్బు ఇవ్వకూడదు.

ఆర్సీలో మొత్తం బరువు గడి దగ్గర కాసేపు ఆగాలి. లోడుతో సహా 3,000 కిలోలు మించని సరుకు వాహనానికి మోటారు వాహనాల చట్టం ప్రకారం పర్మిట్ అక్కర్లేదు. బొలెరో పికప్‌లలోనే ఈ గీతకు లోపల ఉన్నవీ, బయట ఉన్నవీ ఉన్నాయి కాబట్టి పేరు చూసి కాక అంకె చూసి నిర్ణయించుకోవాలి. ఇక రవాణా వాహనానికి ఎనిమిదేళ్ల వరకు రెండేళ్లకోసారి, ఆ తర్వాత ఏటా ఫిట్‌నెస్ చేయించాలి. పదిహేనేళ్లు దాటితే రుసుము బాగా పెరుగుతుంది. పద్నాలుగేళ్ల బండిని చౌకగా కొన్నామని సంతోషించేవారు మరుసటి ఏడాది రుసుమును ఇప్పుడే లెక్కలో వేసుకోవాలి.

సంతకాలు చేసిన ఖాళీ ఫారాలు 29, 30 చేతిలో పెట్టి, పేరు తర్వాత మార్చుకోండి అనే ఓపెన్ ట్రాన్స్‌ఫర్ పద్ధతికి ఒప్పుకోవద్దు. రిజిస్టరులో పేరున్న వ్యక్తినే యజమానిగా పరిగణించాలని 2018లో సుప్రీంకోర్టు చెప్పింది. కాబట్టి ప్రమాదం జరిగితే అమ్మినవారు ఇరుక్కుంటారు, బండి సీజైతే విడిపించుకునే హక్కు చూపలేక కొన్నవారు ఇరుక్కుంటారు.

ఇప్పుడు ఇంజిన్. మీరు వెళ్లేసరికి బానెట్ వేడిగా ఉంటే, మరొక రోజు ఉదయం వస్తానని చెప్పి వెనుదిరగడం మంచిది. రాత్రంతా చల్లారిన డీజిల్ ఇంజిన్ ఎలా స్టార్ట్ అవుతుందన్నదే దాని ఆరోగ్యం. మొదట కొద్దిగా వచ్చి ఆగే తెల్లపొగ సహజం. నీలిపొగ ఆగకుండా వస్తే ఆయిల్ కాలుతోంది. దట్టమైన నల్లపొగకు ఇంజెక్టర్లు (డీజిల్ చిమ్మే భాగాలు) గానీ, మూసుకుపోయిన ఎయిర్ ఫిల్టరు గానీ కారణం కావచ్చు, అది ఎక్కువ భయపడాల్సినది కాదు. ఇంజిన్ నడుస్తుండగా ఆయిల్ పోసే మూతను విప్పి, రంధ్రం మీద వదులుగా బోర్లించాలి. లోపలి గాలి దాన్ని ఎగరగొడితే రింగులు అరిగాయని తెలుస్తుంది. ఆయిల్ మజ్జిగలా తెల్లబారితే, లేదా రేడియేటరు నీటిలో బుడగలు, జిడ్డు కనిపిస్తే హెడ్ గాస్కెట్ (ఇంజిన్ హెడ్ కింద ఉండే సీలు) పోయినట్టు.

ఖాళీ బండిని ఊళ్లో ఒక చుట్టు తిప్పడం పరీక్ష కాదు. బియ్యం బస్తాలు గానీ, సిమెంటు బస్తాలు గానీ అర టన్ను వేసుకుని, 16వ నంబరు జాతీయ రహదారి మీద కనీసం అరగంట నడపాలి. శృంగవరపుకోట నుంచి అరకు ఘాట్ వైపు కిరాయిలు చేయాలనుకునేవారు ఆ ఎక్కుడు మీదే చూడాలి. పై గేరులో ఒక్కసారి యాక్సిలరేటరు తొక్కినప్పుడు ఇంజిన్ శబ్దం పెరిగి వేగం పెరగకపోతే క్లచ్ జారుతోంది. కాలు తీసినప్పుడు గేరు దానంతట అదే జారితే గేరుబాక్సు విప్పాల్సిందే. కాలు వేసినప్పుడో, తీసినప్పుడో వెనక ఇరుసులో ఊళ వినిపిస్తే క్రౌన్ (వెనక ఇరుసులోని పళ్లచక్రం) పని ఉంది. ఇవన్నీ బాగుచేయగలిగేవే కాబట్టి వీటిని చూసి పారిపోనక్కర్లేదు. మీకు తెలిసిన మెకానిక్ చేత ఖర్చు కట్టించి, ఆ మొత్తాన్ని ధరలోంచి తగ్గించమని అడగండి.

2017 ఏప్రిల్‌కు ముందు అమ్ముడైన బీఎస్-3 (పాత కాలుష్య ప్రమాణం) బండ్లలో పాత పద్ధతి డీజిల్ పంపు ఉన్నవాటిని రాజాం, బొబ్బిలి, నరసన్నపేట షెడ్లలో ఏ మెకానికైనా విప్పి బిగించగలడు. 2020 ఏప్రిల్ తర్వాతి బీఎస్-6 బండిలో సెన్సర్లు ఎక్కువ. స్కానర్ లేకుండా లోపం దొరకడం కష్టం. దూరపు గ్రామంలో ఉండేవారికి ఈ తేడా ధరలోని తేడా కంటే ముఖ్యం.

ధర కుదిరాక కూడా దానిలో ఐదో వంతు సొమ్మును మొదటి మూడు నెలల మరమ్మతులకు విడిగా ఉంచుకోండి. పేరు మార్పుకు 30 రోజుల్లోగా, బీమా మీ పేరున మార్చమని 14 రోజుల్లోగా దరఖాస్తు చేయాలి. మొదటి కిరాయికి వెళ్లేముందే ఇంజిన్, గేరు, క్రౌన్ ఆయిళ్లు, డీజిల్ ఫిల్టరు, ఫ్యాన్ బెల్టు, బ్రేకు ఆయిల్ మార్పించి, ఆ రోజు మీటరు అంకెను ఒక పుస్తకంలో రాసిపెట్టుకోండి.