జావాలో రెండు ఊళ్ల పేర్లు ఒకటేనా?

మిర్యాలగూడ రైస్ మిల్లులకు బిల్లింగ్ ప్రోగ్రాములు రాయడం నా వృత్తి. నా దగ్గర చేరే కుర్రాళ్లకు మొదట మాన్పించే అలవాటు, జావా అనే ప్రోగ్రామింగ్ భాషలో స్ట్రింగులను, అంటే అక్షరాల వరుసలను, == తో పోల్చడం. == అక్షరాల జోలికి పోదు. రెండు వేరియబుళ్లూ (విలువలకు మనం పెట్టుకునే పేర్లు) మెమరీలో ఒకే ఆబ్జెక్టును, అంటే ఒకే చోట దాచిన విలువను, చూపుతున్నాయా అన్నదే దానికి కావాలి. ప్రోగ్రాములో "దేవరకొండ" అని రెండుచోట్ల నేరుగా రాస్తే జావా రెంటికీ ఒకే ఆబ్జెక్టును వాడుతుంది, == కూడా నిజమనే అంటుంది. అదే పేరును గుమాస్తా టైపు చేస్తే వేరే ఆబ్జెక్టు పుడుతుంది, జవాబు తిరగబడుతుంది. మన బల్ల మీద పనిచేసిన ప్రోగ్రాము మిల్లులో మొరాయించేది ఇందుకే.

అక్షరాలను పోల్చాలంటే ఈక్వల్స్ (equals) అనే మెథడ్, అంటే జావాలో సిద్ధంగా ఉన్న ఆదేశం, వాడాలి. ఊరు.ఈక్వల్స్("దేవరకొండ") అని కాకుండా "దేవరకొండ".ఈక్వల్స్(ఊరు) అని రాయండి. ఊరు అనే వేరియబుల్ నల్ (ఏ విలువా లేనిది) అయినా ప్రోగ్రాము ఆగిపోదు. రెండువైపులా వేరియబుళ్లే ఉంటే జావాలోనే ఉన్న ఆబ్జెక్ట్స్ (Objects) క్లాసులోని ఈక్వల్స్ మేలు. ఇంగ్లిషులో పెద్దబడి, చిన్నబడి తేడా వద్దనుకుంటే ఈక్వల్స్‌ఇగ్నోర్‌కేస్ ఉంది. తెలుగుకు ఆ బెడద లేదు.

మన బెడద వేరు. మహబూబ్‌నగర్ అనే పేరులో బ్, న కలిసిపోకుండా మధ్యలో కంటికి కనిపించని అక్షరం ఒకటి ఉంటుంది. కంప్యూటర్‌లో ప్రతి అక్షరానికీ ఒక సంఖ్య ఇచ్చే యూనికోడ్‌లో దాని సంఖ్య 200సి. కొందరు చివరి పొల్లు తర్వాత కూడా దాన్ని కొడతారు. తెర మీద రెండు పేర్లూ అచ్చం ఒకేలా ఉంటాయి, ఈక్వల్స్ మాత్రం కాదంటుంది. అనుమానం వస్తే లెంగ్త్ అడగండి, అది గుణింతపు గుర్తులను, పొల్లును కూడా విడిగా లెక్కపెడుతుంది: ఒకదానికి 11, రెండోదానికి 12 వస్తుంది. ట్రిమ్ అనే మెథడ్ చివరి ఖాళీలను తీసేస్తుంది కానీ దీన్ని ముట్టుకోదు. పోల్చే ముందు రెండు పేర్లలోంచీ రీప్లేస్‌తో దాన్ని తీసేయండి. బిల్లు మీద అచ్చయ్యే పేరును మాత్రం కదపవద్దు, బ్న అని ఒత్తు పడిపోతుంది.

నల్గొండ, నల్లగొండ రెండూ వాడుకలో ఉన్నవే. వాటిని ఏ మెథడూ కలపలేదు. టైపు చేయనివ్వకుండా జాబితాలోంచి ఎంచుకోమనడమే నా పద్ధతి.

పేర్లను వరుసలో పేర్చడానికి కంపేర్‌టు అనే మెథడ్ ఉంది. దేవరకొండను నల్లగొండతో పోలిస్తే -2 వస్తుంది, సున్నా కంటే తక్కువ కాబట్టి దేవరకొండ ముందు. లారీ చీటీ నంబర్లను స్ట్రింగులుగా ఉంచి దీనికి ఇవ్వకండి, 25 కంటే 100ను ముందు నిలబెడుతుంది.