నెలసరి నొప్పికి కాపడం పెట్టినా తగ్గడం లేదా?

పొత్తికడుపు మెలిపెట్టడానికి మూలం ప్రోస్టాగ్లాండిన్లు అనే రసాయనాలు. గర్భసంచి లోపలి పొర ఊడేటప్పుడు ఇవి విడుదలై కండరాన్ని బిగిస్తాయి. బిగుసుకున్న కండరానికి రక్తం సరిగా అందక నొప్పి పుడుతుంది. ఆ బిగువు వేడికి సడలుతుంది కాబట్టి ఇంటి వైద్యంలో ముందు నమ్మాల్సింది కాపడాన్నే.

సమస్య: పెట్టినంతసేపే హాయి, తీస్తే మళ్లీ నొప్పి
నొప్పి ముదిరాక మొదలుపెట్టడం, ఒక్కసారితో ఆపేయడం దీనికి కారణం. నొప్పి సన్నగా మొదలైనప్పుడే 15–20 నిమిషాలు పెట్టి, కాసేపు ఆగి మళ్లీ పెట్టాలి. వేడి ప్యాచ్‌ల మీద జరిగిన పరిశోధనలో దాదాపు 39 డిగ్రీల వేడిని రోజుకు 12 గంటలు ఇచ్చారు. చర్మం కాలేంత వేడి అక్కర్లేదు, చాలాసేపు నిలిస్తే చాలు.

సమస్య: వేడినీళ్ల బ్యాగు ఉబ్బి జారిపోతుంది
లోపల గాలి ఉంది, లేదా నీళ్లు నిండా పోశారు. మరిగిన నీళ్లు కాసేపు ఆరనిచ్చి, మూడింట రెండు వంతులే పోయండి. నీళ్లు మూతిదాకా వచ్చేలా మెల్లగా నొక్కి, గాలి పోయాక మూత బిగించండి. పైన టవల్ చుట్టాల్సిందే.

బ్యాగు లేదా? ఉప్పు మూట ఇంకా మేలు, ఒంటికి అతుక్కుని కూర్చుంటుంది. రెండు గుప్పిళ్ల కల్లుప్పును మూకుట్లో చిటపటలు ఆగేదాకా వేయించి, పాత నూలు గుడ్డ రెండు మడతలు వేసి కట్టాలి. పాలిస్టర్ అయితే కరుగుతుంది. ముందు మణికట్టు లోపలివైపు ఆన్చి చూడండి, అక్కడ చురుక్కుమంటే పొట్టకూ పనికిరాదు.

సమస్య: చర్మం మీద వలలా గోధుమరంగు మచ్చలు
నెలల తరబడి ఒకేచోట వేడి తగలడం వల్ల వస్తాయి. అక్కడ కాపడం ఆపండి, మెల్లగా తగ్గుతాయి.

సమస్య: నడుము, తొడలు లాగడం
గర్భసంచి నొప్పే నడుముకూ తొడలకూ పాకుతుంది. మూటను నడుముకు మార్చండి. గోరువెచ్చని నువ్వుల నూనెతో పది నిమిషాలు మర్దన చేసినా బాగుంటుంది. నూనె ఒంటిమీద రబ్బరు బ్యాగు మాత్రం నేరుగా పెట్టకండి, రబ్బరు పాడవుతుంది.

సమస్య: నొప్పికి శొంఠి పొడి నీళ్లలో కలిపి తాగితే కడుపులో మంట
పరగడుపున తాగడమో, ఎక్కువ వేయడమో కారణం. పావు టీస్పూను చొప్పున రెండు పూటలా, తిన్నాకే, మొదటి మూడు రోజులు చాలు. రక్తం పలచబడే మందులు వాడేవాళ్లు డాక్టర్ని అడగకుండా తాగకూడదు. వాము నీళ్లు గ్యాస్‌కు పనికొస్తాయేమోగానీ, ఈ మెలికకు వాటిని నమ్ముకోకండి.

సమస్య: ఏం చేసినా నెలనెలా పెరుగుతోంది
ఎండోమెట్రియోసిస్ (గర్భసంచి లోపలి పొరలాంటిది దాని బయట పెరగడం) గానీ, గర్భసంచిలో గడ్డలు గానీ ఉండొచ్చు. పాతికేళ్లు దాటాక కొత్తగా మొదలైనా, నెలసరి లేని రోజుల్లోనూ నొప్పి ఉన్నా గైనకాలజిస్టుకు చూపించి స్కానింగ్ చేయించండి. గంటకో ప్యాడ్ తడుస్తున్నా, జ్వరం ఉన్నా, నెల తప్పాక ఒకపక్క పొడుచుకొస్తున్నా మూట పక్కన పెట్టి వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.