చెరువు బురదతో కరెంటు పుట్టించడం ఎలా?

తిరుపతి చుట్టుపక్కల నీళ్లున్న ఏ చెరువులోనైనా అడుగున చెయ్యి పెడితే కుళ్ళిన కోడిగుడ్డు వాసన వేసే నల్లటి బురద వస్తుంది. ముక్కు మూసుకుని పారేయకండి, మనకు కావలసింది అదే. ఆ వాసన ఉందంటే అక్కడికి గాలి చేరడం లేదని గుర్తు.

మనం తిన్న తిండి నుంచి వచ్చే ఎలక్ట్రాన్లు చివరికి మనం పీల్చే ఆక్సిజన్‌కు చేరతాయి. బురదలో ఆక్సిజన్ లేదు కాబట్టి కొన్ని బ్యాక్టీరియాలు వాటిని ఇనుప ఖనిజానికి అంటగడతాయి. జియోబ్యాక్టర్ అలాంటిదే. 1987లో సూక్ష్మజీవుల శాస్త్రవేత్త డెరెక్ లవ్లీ అమెరికాలోని పొటోమాక్ నది బురదలో దాన్ని పట్టుకున్నారు. ఇనుము బదులు కార్బన్ ముక్క పెడితే దానికీ ఇచ్చేస్తుంది. ఆ ఎలక్ట్రాన్లను తీగలోంచి పైకి రప్పించడమే మన పని.

కావలసినవి: లీటరు ప్లాస్టిక్ డబ్బా, అరచేతంత కార్బన్ ఫెల్ట్ (కార్బన్ పీచుతో చేసిన మందపాటి గుడ్డ) ముక్కలు రెండు (ఆన్‌లైన్‌లో దొరుకుతాయి), ప్లాస్టిక్ తొడుగున్న స్టెయిన్‌లెస్ స్టీల్ తీగ, 1000 ఓమ్‌ల రెసిస్టర్, మల్టీమీటర్, చేతి తొడుగులు. పాత టార్చి సెల్లు పగలగొట్టి కార్బన్ కడ్డీ తీయమని కొందరు చెబుతారు. వద్దు. దానికంటుకున్న నల్లపొడి కొలతలను తప్పుదోవ పట్టిస్తుంది.

తీగ విషయంలో నేను దెబ్బతిన్నాను. మొదటిసారి బైండింగ్ వైరు వాడితే గంటలోనే మీటరు కదిలింది. వీధంతా పిలిచి చూపించాను. నాలుగు రోజుల తర్వాత బయటికి తీస్తే తీగంతా తుప్పు! అది బ్యాక్టీరియా కరెంటు కాదు, ఇనుము తుప్పు పట్టడం వల్ల వచ్చింది. రాగి కూడా వద్దు, అది ఆ జీవులకు విషం.

1. బురదలో రాళ్లు, పుల్లలు ఏరేసి, రెండు గరిటెల గంజి కలిపి ఇడ్లీపిండిలా చేయండి. మందుల ఫ్యాక్టరీ, ఆసుపత్రి కాలవల బురద జోలికి మాత్రం పోకండి.

2. డబ్బా అడుగున అంగుళం బురద పరిచి, తీగ కుట్టిన ఫెల్ట్ ముక్కను దానిమీద పెట్టి గట్టిగా నొక్కండి. కింద గాలి బుడగ మిగిలితే శ్రమంతా వృథా. పైన ఇంకో మూడంగుళాల బురద వేయండి.

3. ఆపైన అంగుళం చెరువు నీళ్లు పోసి, రెండో ముక్కను తేలేలా ఉంచండి. దాని పైభాగానికి గాలి తగలాలి, కాబట్టి మూత పెట్టకండి.

4. రెండు తీగల మధ్య రెసిస్టర్ కలిపి, డబ్బాను నీడలో ఉంచండి. మన ఎండకు నీళ్లు తొందరగా ఇంకిపోతాయి. చెరువు నీళ్లే పోస్తుండండి, క్లోరిన్ కలిపిన కొళాయి నీళ్లు వద్దు.

మొదటి రోజుల్లో మీటరు దాదాపు కదలదు. టెన్షన్ పడకండి. వారం, రెండు వారాలకు రెసిస్టర్ దగ్గర 0.3 వోల్టుల దాకా రావచ్చు. అనుమానముంటే అదే బురదను ఉడకబెట్టి ఇంకో డబ్బా కట్టండి. మొదట్లో అందులో ఏమీ రాకపోతే, మొదటి డబ్బాలో పనిచేస్తున్నది బ్యాక్టీరియానే.

దీంతో ఇల్లు వెలుగుతుందా? లెక్క చూడండి. 0.3 వోల్టులు, 1000 ఓమ్‌లు అంటే 0.09 మిల్లీవాట్లు. 9 వాట్ల బల్బు ఒక్కటి వెలగాలంటే లక్ష డబ్బాలు కావాలి!

అసలు లాభం మురుగునీటి దగ్గరుంది. మామూలు శుద్ధి కేంద్రాల్లో బ్యాక్టీరియా బతకడానికి ట్యాంకుల్లోకి రాత్రింబవళ్లు గాలి ఊదుతారు. చాలాచోట్ల కరెంటు వాడకంలో దాదాపు సగం దానికే పోతుంది. మన బురద బ్యాక్టీరియాకు ఆ గాలి అక్కర్లేదు, మిగిలే మడ్డి కూడా తక్కువ. చిత్తూరు మామిడి గుజ్జు ఫ్యాక్టరీల నుంచి సీజన్‌లో వచ్చే తీపి నీళ్లు వీటికి విందుభోజనం. హైదరాబాద్‌లోని ఐఐసీటీ (భారత రసాయన సాంకేతిక సంస్థ)లో మన డబ్బా లాంటి బ్యాక్టీరియా సెల్స్ మీద పరిశోధన జరిగింది. 2015లో ఇంగ్లండు గ్లాస్టన్‌బరీ సంగీతోత్సవంలో మూత్రంతోనే మూత్రశాలకు దీపాలు వెలిగించారు. అయితే ఎలక్ట్రోడ్లు (మన ఫెల్ట్ ముక్కల్లాంటివి) ఖరీదు, ట్యాంకు పెద్దదయ్యేకొద్దీ కరెంటు ఆ మేరకు పెరగదు. ఊరి మురుగంతా దీనికి అప్పజెప్పే రోజు ఇంకా రాలేదు.

ఇంకొకటి చేసి చూడండి. డబ్బా కుదురుకున్నాక పైనీళ్లు కొంచెం తీసేసి, ఆ మేరకు బియ్యం కడిగిన నీళ్లు పోసి, రోజూ ఒకే సమయానికి వోల్టేజి రాసుకోండి. కొన్నాళ్లు పెరిగి, తర్వాత పడిపోతుంది. పడిపోయిందంటే చాలావరకు లోపల తిండి అయిపోయినట్టే. మళ్లీ ఒక గరిటె పోయండి.