విదేశాలకు వెళ్తున్నారా? డాలర్లు, కార్డులు, ఓటీపీల సంగతి ఇంటి దగ్గరే తేల్చుకోండి

నల్లగొండ, మిర్యాలగూడ, సూర్యాపేటల్లో ఇప్పుడు ఏ గల్లీకి వెళ్లినా అమెరికాలో కొడుకో కూతురో ఉన్న ఇల్లు ఒకటైనా తగులుతుంది. కాన్పుకని అమ్మలు, కాన్వొకేషన్‌కని నాయినలు బయలుదేరుతున్నారు. పాలమూరు నుంచి ఉమ్రాకు వెళ్లేవాళ్లు, బ్యాంకాక్, దుబాయ్ టూర్లకు వెళ్లేవాళ్లూ తక్కువేమీ కాదు. అందరూ పచ్చళ్ల డబ్బాలను రెండుసార్లు తూకం వేస్తారు. డబ్బు సంగతి మాత్రం శంషాబాద్‌లో చూసుకుందాంలే అని వదిలేస్తారు. అసలు నష్టం అక్కడే మొదలవుతుంది. ప్రయాణానికి మూడు వారాల ముందు మొదలుపెడితే కింది పనులన్నీ టెన్షన్ లేకుండా అయిపోతాయి.

1. ముందు బ్యాంకులో ఉన్న ఫోన్ నంబరు చూడండి

డాలర్ల కంటే ముందు ఈ పని. మన దగ్గర పెద్దవాళ్ల ఖాతాలకు కొడుకు నంబరో, తమ్ముడి కొడుకు నంబరో ఇచ్చి ఉంటారు. ఆ కొడుకు అమెరికా వెళ్లాక ఆ సిమ్ ఎప్పుడో పోయి ఉంటుంది. ఇక్కడ ఉన్నన్నాళ్లు పాస్‌బుక్ పట్టుకుని బ్రాంచికి పోతే పని జరిగిపోయేది కాబట్టి ఎవరూ పట్టించుకోరు. కార్డు తీసుకుని విమానం ఎక్కితే ఆ నంబరే తాళంచెవి. నంబరు మార్చాలంటే ఖాతాదారు స్వయంగా బ్రాంచికి వెళ్లాల్సి రావచ్చు, అందుకే మొదటి పనిగా పెట్టుకోవాలి.

ఆ నంబరున్న సిమ్‌కు రోమింగ్ ఆన్ చేయించి ఫోన్‌లోనే ఉంచండి. అక్కడి సిమ్ రెండో స్లాట్‌లో వేసుకుని, మన సిమ్‌కు మొబైల్ డేటా ఆపేస్తే చాలు. ఓటీపీ మెసేజ్ అందుకోవడానికి మామూలుగా డబ్బు పడదు, కాల్ ఎత్తితే మాత్రం పడుతుంది. ఆరు నెలలు ఉండేవాళ్లు రీచార్జ్ మరిచిపోకూడదు. నెలల తరబడి వాడని నంబరును కంపెనీ తీసేసి వేరేవాళ్లకు ఇచ్చేస్తుంది. అప్పుడు మీ ఓటీపీలు ముక్కూమొహం తెలియని మనిషికి పోతాయి.

2. కార్డుకు విదేశీ వాడకం ఆన్ చేయండి

రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం 2020 నుంచి కొత్తగా ఇచ్చే కార్డులన్నీ మన దేశంలో వాడకానికి మాత్రమే తెరిచి వస్తున్నాయి. బ్యాంకు యాప్‌లో కార్డు సెట్టింగ్స్‌లోకి వెళ్తే ఇంటర్నేషనల్ అనే మీట ఉంటుంది. దాని కింద ఏటీఎం, షాపు మెషిన్, ఆన్‌లైన్ అని మూడు విడివిడిగా కనిపిస్తాయి. షాపు మెషిన్ ఒక్కటే ఆన్ చేసి, ఏటీఎం దగ్గర కార్డు పనిచేయలేదని బెంబేలెత్తేవాళ్లు ఉంటారు. ఆన్‌లైన్ మీట అవసరం వచ్చినప్పుడే వేయండి. ఎందుకంటే విదేశీ వెబ్‌సైట్లు చాలావరకు ఓటీపీ అడగవు, కార్డు నంబరు, వెనక ఉన్న మూడంకెలు తెలిస్తే చాలు డబ్బు లాగేస్తాయి. అక్కడే రోజువారీ పరిమితి కూడా తగ్గించి పెట్టుకోవచ్చు.

ఇంకో మాట. కార్డు మీద వీసా, మాస్టర్‌కార్డ్ గుర్తు ఉందో లేదో చూడండి. మామూలు సేవింగ్స్ ఖాతాలకు ఇచ్చిన రూపే కార్డుల్లో చాలావరకు దేశం దాటితే పనిచేయవు. కార్డు గడువు మీరు తిరిగొచ్చే తేదీ దాటి ఉండాలి.

3. ఏది ఎంత?

మూడు భాగాలు చేసుకోవడం మంచిది: కొన్ని నోట్లు, ఒక ఫారెక్స్ కార్డు, ఒక క్రెడిట్ కార్డు. ఏటీఎం కార్డు నాలుగోది, ఆపదకు మాత్రమే.

నోట్లు ఎక్కువ వద్దు. చాలా దేశాలకు ఒక్కో ప్రయాణంలో 3,000 డాలర్ల విలువ దాకా విదేశీ నోట్లు తీసుకెళ్లొచ్చు. పిల్లల ఇంటికి వెళ్లే తల్లిదండ్రులకు మూడు, నాలుగు వందల డాలర్లు దండి. వందనోట్లే కాకుండా పది, ఇరవై డాలర్ల నోట్లు కొన్ని అడిగి తీసుకోండి.

ఫారెక్స్ కార్డు అంటే ముందే డాలర్లో దిర్హాములో నింపుకునే కార్డు. నింపిన రోజు రేటే ఖాయం. తర్వాత రూపాయి పడిపోయినా మీకు సంబంధం లేదు. పోయినా ఆపేయొచ్చు, ఇంటి దగ్గరున్నవాళ్లు మళ్లీ డబ్బు వేయొచ్చు. కాకపోతే డాలర్లు నింపి లండన్‌లో గీకితే మళ్లీ మార్పిడి చార్జీ వేస్తారు. ఏ దేశానికి ఆ కరెన్సీ నింపాలి.

క్రెడిట్ కార్డు హోటల్ డిపాజిట్‌కు, అద్దె కారుకు పనికొస్తుంది. హోటల్‌వాళ్లు గది ఇచ్చేటప్పుడు కొంత సొమ్ము బ్లాక్ చేస్తారు. క్రెడిట్ కార్డులో అయితే అది పరిమితిలోంచి పోతుంది. ఫారెక్స్ కార్డు ఇచ్చారంటే మీ సొంత డబ్బే రోజుల తరబడి ఇరుక్కుంటుంది. క్రెడిట్ కార్డుతో ఏటీఎంలో నగదు మాత్రం తీయొద్దు. తీసిన రోజు నుంచే వడ్డీ, పైన ఫీజు.

మామూలు కార్డుల మీద విదేశీ ఖర్చుకు రెండు నుంచి మూడున్నర శాతం దాకా మార్కప్ అనే అదనపు చార్జీ, దాని మీద 18 శాతం జీఎస్టీ ఉంటాయి. డాలరు 90 రూపాయలు అనుకుందాం. 100 డాలర్లకు 9,000. మూడున్నర శాతం అంటే 315, దాని మీద జీఎస్టీ 56 రూపాయల 70 పైసలు. మొత్తం 9,371 రూపాయల 70 పైసలు. మార్కప్ లేని కార్డులూ ఉన్నాయి, మీ బ్యాంకును అడగండి.

4. ఎక్కడ, ఎలా కొనాలి?

పాలమూరు వాళ్లకు జడ్చర్ల, షాద్‌నగర్ దాటితే శంషాబాద్ దారిలోనే వస్తుంది. అందుకే ఎయిర్‌పోర్టులోనే మార్చుకుందాం అనుకుంటారు. ఎయిర్‌పోర్టు కౌంటర్ల రేటు ఎప్పుడూ ఖరీదే. లోపలికి వెళ్లాక ఇంకో దారి లేదని వాళ్లకూ తెలుసు. జిల్లా కేంద్రాల్లోని చాలా బ్యాంకు శాఖల్లో విదేశీ నోట్లు నిల్వ ఉండవు, పైనుంచి తెప్పించాలి. మీ శాఖలో వారం ముందే చెప్పండి, లేదా వీసా పని మీద హైదరాబాద్ వెళ్లినప్పుడు రిజర్వు బ్యాంకు లైసెన్సున్న రెండు, మూడు చోట్ల రేటు అడగండి. ‘కమీషన్ లేదు’ అన్న బోర్డుకు మురిసిపోవద్దు, ఆ కమీషన్‌ను రేటులో కలిపేసి ఉంటారు. ‘వెయ్యి డాలర్లు నా చేతికి రావాలంటే అన్నీ కలిపి ఎంత కట్టాలి?’ అని అడిగితే అసలు రేటు బయటపడుతుంది.

పాస్‌పోర్టు, వీసా, టికెట్, పాన్ కార్డు పట్టుకెళ్లండి. ప్రయాణానికి 60 రోజుల ముందు నుంచి కొనొచ్చు. నగదు ఇచ్చి కొనడం 50,000 రూపాయల లోపే, అది దాటితే ఖాతా నుంచే కట్టాలి. వడ్లు అమ్మిన డబ్బు, చిట్టీ ఎత్తిన డబ్బు సంచిలో వేసుకుని వెళ్తే తిప్పి పంపుతారు. జీఎస్టీకి భయపడక్కర్లేదు. లక్ష రూపాయల లోపు మార్పిడికి విలువలో ఒక శాతం మీదే 18 శాతం లెక్క కడతారు, కనీసం 45 రూపాయలు. 90,000 రూపాయలకు 162 రూపాయలు, అంతే. ఏడాదిలో బయటికి పంపేది 10 లక్షలు దాటితేనే టీసీఎస్ అనే మరో కోత ఉంటుంది. దాన్ని ఆదాయపు పన్ను రిటర్నులో సర్దుకోవచ్చు.

నోట్లు లెక్కపెట్టేటప్పుడు ఒక్కొక్కటీ తిప్పి చూడండి. పెన్ను గీత, చిరుగు, పిన్ను గుచ్చిన రంధ్రం ఉంటే మార్చమనండి. అలాంటి వంద డాలర్ల నోటును బయట చాలా చోట్ల తీసుకోరు, లేదా తక్కువ రేటు కడతారు. రసీదు దాచుకోండి.

ఇక మనవాళ్లలో బాగా పాతుకుపోయిన అలవాటు ఒకటుంది. ‘ఏమైతది బావా, మావోడు డాలస్‌ల డాలర్లు ఇస్తడు, నువ్వు ఈడ మా నాయినకు పైసలియ్యి, లెక్క సరిపోతది’ అంటారు. కమీషన్ మిగులుతుంది, తెలిసినవాళ్లే, నమ్మకమూ ఉంటుంది. కానీ ఇది విదేశీ డబ్బు లావాదేవీల మీద 1999లో వచ్చిన ఫెమా చట్టం ఒప్పుకోని లావాదేవీ. పట్టుబడితే సొమ్ముకు మూడింతల దాకా జరిమానా వేయొచ్చు. పిల్లల వీసా మీద ఆశలు పెట్టుకున్న కుటుంబం నాలుగు రూపాయల కోసం ఈ దారి పట్టడం నాకైతే తెలివైన పనిలా కనిపించదు.

దుబాయ్, సౌదీ వెళ్లేవాళ్లు ఇక్కడే దిర్హాములు, రియాళ్లు కొనుక్కోవడం నయం. ఒకవేళ డాలర్లు తీసుకెళ్తే రెండు అంకెలు గుర్తుపెట్టుకోండి. డాలరుకు 3.6725 దిర్హాములు, 3.75 రియాళ్లు. ఈ రేట్లను ఆ దేశాలు దశాబ్దాలుగా కదలనివ్వలేదు. కౌంటర్‌లో 3.50 అంటే పక్క కౌంటర్‌కు నడవండి.

5. సర్దుకోవడం

డబ్బంతా ఒకే పర్సులో పెట్టొద్దు. భార్య బ్యాగులో ఒక కార్డు, భర్త దగ్గర ఒక కార్డు. చెక్-ఇన్ సూట్‌కేసులో పైసా కూడా వేయొద్దు. రూపాయలు 25,000 దాకా వెంట ఉంచుకోవచ్చు. తిరిగొచ్చి అర్ధరాత్రి దేవరకొండకో వనపర్తికో కారు మాట్లాడుకోవాలి కాబట్టి కొన్ని వేలు అవసరమే. అమెరికాలో దిగేటప్పుడు కుటుంబం మొత్తం దగ్గర కలిపి 10,000 డాలర్లు దాటితే అక్కడి కస్టమ్స్‌వాళ్లకు చెప్పి తీరాలి. చెప్పినందుకు పన్నేమీ లేదు, దాచి దొరికితేనే సొమ్ము పోతుంది.

6. మెషిన్ ‘రూపాయల్లో కడతారా?’ అంటే వద్దనండి

ఈ వ్యాసంలో ఒక్క సంగతే గుర్తుంటుందంటే ఇది గుర్తుంచుకోండి. విదేశంలో షాపులో కార్డు పెట్టగానే మెషిన్ తెర మీద రెండు గళ్లు వస్తాయి. ఒకదాంట్లో 100 డాలర్లు, రెండోదాంట్లో 9,540 రూపాయలు అని ఉంటుందనుకోండి. రూపాయలు చూడగానే మనకు ప్రాణం లేచి వస్తుంది, లెక్క తెలిసింది కదా అని దాన్నే నొక్కుతాం. కౌంటర్‌లో అమ్మాయి కూడా నవ్వుతూ ‘ఇండియన్ రుపీస్?’ అని అడుగుతుంది. ఆ రేటు మీ బ్యాంకుది కాదు, ఆ షాపు మెషిన్ వెనకున్న కంపెనీది. లాభం అందులోనే కలిపేసి చూపిస్తారు. పైన చెప్పిన మూడున్నర శాతం మార్కప్ కార్డుతో డాలర్లలో కట్టినా 9,372 రూపాయలు దాటదు. రూపాయల్లో కట్టినందుకు కొన్ని బ్యాంకులు మళ్లీ వేరే చార్జీ వేస్తాయి కూడా. చేతిలో ఉన్నది డాలర్లు నింపిన ఫారెక్స్ కార్డయితే డాలర్లు రూపాయలై, మళ్లీ డాలర్లై, రెండుసార్లు కోతపడుతుంది.

కాబట్టి ఎప్పుడూ అక్కడి కరెన్సీయే నొక్కాలి. మనల్ని అడక్కుండా వాళ్లే నొక్కేస్తే రసీదు చూసి, సంతకం పెట్టకముందే రద్దు చేసి మళ్లీ గీకమనండి. అది మీ హక్కు, మొహమాటం వద్దు. ఏటీఎంలో కూడా ఇదే ప్రశ్న ‘కన్వర్షన్ ఒప్పుకుంటారా?’ అని వేరే రూపంలో వస్తుంది. ‘ఒప్పుకోను’ నొక్కితే లావాదేవీ ఆగిపోతుందేమోనని భయపడతారు. ఆగదు, డబ్బు వస్తుంది.

ఏటీఎంకు చీటికిమాటికి వెళ్లొద్దు. థాయ్‌లాండ్‌లో విదేశీ కార్డు పెట్టిన ప్రతిసారీ అక్కడి బ్యాంకు సుమారు 220 బాట్ ఫీజు తీసుకుంటుంది, మన బ్యాంకు ఫీజు వేరే. వెయ్యి బాట్‌కోసారి వెళ్లే బదులు ఒకేసారి తీసుకోవడం మేలు.

అమెరికాలో ఇంకో రెండు వింతలు. క్రెడిట్ కార్డుకు చాలా చోట్ల పిన్ అడగరు, కంగారు పడొద్దు. హోటల్‌లో భోజనం చేశాక రసీదులో టిప్ గడి ఖాళీగా ఇస్తారు, మొత్తం మీరే రాయాలి. ఫోన్‌కు మొదట టిప్ లేని మొత్తం మెసేజ్ వచ్చి, తర్వాత బిల్లులో ఎక్కువ కనిపిస్తే అది మోసం కాదు. పెట్రోల్ బంకులో మెషిన్ జిప్ కోడ్ (అక్కడి పిన్‌కోడ్ లాంటిది) అడిగితే లోపలికి వెళ్లి కట్టండి.

7. ఫోన్‌పే నడుస్తుందా?

కొంతవరకే. భూటాన్, నేపాల్, సింగపూర్, యూఏఈ, శ్రీలంక, మారిషస్, ఫ్రాన్స్‌లలో కొన్ని చోట్ల యూపీఐ తీసుకుంటారు. ముందే యాప్‌లో యూపీఐ ఇంటర్నేషనల్ ఆన్ చేసుకోవాలి. దీన్నే నమ్ముకుని వెళ్లొద్దు.

8. కార్డు పోతే

యాప్‌లో వెంటనే బ్లాక్ చేయండి. విదేశాల నుంచి చేయాల్సిన బ్యాంకు నంబరు, ప్లస్ తొంభై ఒకటితో మొదలయ్యేది, ఒక కాగితం మీద రాసి పాస్‌పోర్టుతో పెట్టుకోండి. ఫోనూ కార్డూ కలిసి పోతే ఆ కాగితమే దిక్కు. పిన్ నంబరు మాత్రం ఆ కాగితం మీద రాయొద్దు.

9. తిరిగొచ్చాక

కార్డుల్లో విదేశీ మీట ఆపేయండి. మిగిలిన డాలర్లలో 2,000 దాకా దగ్గర ఉంచుకోవచ్చు, అంతకుమించితే 180 రోజుల్లో బ్యాంకుకో లైసెన్సున్న మార్పిడిదారుకో అమ్మేయాలి. విదేశీ చిల్లర నాణేలు ఇక్కడ ఎవరూ తీసుకోరు, అక్కడి ఎయిర్‌పోర్టులోనే టీకో నీళ్లకో ఖర్చుపెట్టి రండి. తర్వాతి రెండు బిల్లులు లైను లైను చూడండి. హోటల్ బ్లాక్ చేసిన సొమ్ము వదిలారా, ఒకే ఖర్చు రెండుసార్లు పడిందా అన్నది అప్పుడే తేలుతుంది. ఫారెక్స్ కార్డులో మిగిలింది మళ్లీ వెళ్లినప్పుడు వాడొచ్చు. ఏడాది లోపు వెళ్లే పని లేకపోతే వెనక్కి తీసుకోండి, వాడని కార్డుల మీద కొన్ని బ్యాంకులు చార్జీ కోస్తూ పోతాయి.